అమ్మ గోడవైపు తిరిగిన రోజు

పోయిన వారం మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని నెల్లూరులో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. వాడికి పుట్టినప్పటి నుంచీ చెవులు వినపడవు. వినపడదని డాక్టరు రాసిచ్చిన పాత కాగితం ఇక చెల్లదనీ, కొత్త కార్డు ఉంటేనే ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే చెవి మిషను వస్తుందనీ గ్రామ సచివాలయంలో పనిచేసే అమ్మాయి మా మైపాడు ఇంటికే వచ్చి చెప్పి, తన ఫోన్లోనే తేదీ కూడా ఖాయం చేసి పెట్టింది. ఆసుపత్రిలో వాడిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు పెద్ద డిప్పలు తగిలించి, తలుపు వేయబోతూ అక్కడి నర్సు నన్ను బయట కూర్చోమంది. ఎంతో మర్యాదగానే చెప్పింది, కానీ ఆ ఒక్క మాటతో నేను యాభై ఏళ్ళు వెనక్కి పోయి మా అమ్మ పక్కన నిలబడ్డాను.

మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇలాంటి పిల్లవాడు ఉంటే ఊళ్ళో వాడికి పేరుండేది కాదు, చెవిటోడు అంటే సరిపోయేది. మా అమ్మ మాత్రం ఆ మాట మా గడప లోపల వినపడనిచ్చేది కాదు. వాడు ఎదురుగా కూర్చుని ఉండగా వెనక నుంచి ఎవరైనా పిలిస్తే అమ్మ గడ్డం రవ్వంత పైకెత్తేది, వాడు చటుక్కున వెనక్కి తిరిగేవాడు. అన్నం తింటున్నా, వల బాగుచేస్తున్నా వాడి కళ్ళు అమ్మ ముఖం మీదే ఉండేవి. చూసీ చూసీ నాకూ అదే అలవాటైంది. కొత్తగా వచ్చిన చుట్టాలు పూట గడిచేదాకా పిల్లవాడికి వినపడదని కనిపెట్టలేకపోయేవారంటే నమ్మండి, అమ్మకు అదో గర్వం.

వాడికి పదేళ్ళు వచ్చేసరికి మా నాన్న పడవలోకి తీసుకుపోతానన్నాడు. ఆయన వాదనలోనూ న్యాయం ఉంది. అలల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు గనుక పడవ మీద అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు, అక్కడ మా తమ్ముడు ఎవరికీ తీసిపోడు. కానీ అమ్మకు వాడు నాలుగు అక్షరాలు నేర్చుకోవాలని ఉండేది. వినపడని పిల్లలకు ప్రభుత్వం నడిపే బడి ఒకటుందనీ, తిండీ బసా అన్నీ వాళ్ళే చూస్తారనీ, డాక్టరు సర్టిఫికెట్ ఒక్కటి ఉంటే చాలనీ ఎవరో చెప్పగా పట్టుకుంది. బళ్ళు తెరిచేలోగా ఆ కాగితం వస్తే బడి, రాకపోతే పడవ. నాన్న పెట్టిన షరతు అది.

సరే, అమ్మా నేనూ వాడికి తల దువ్వి, ఉన్నంతలో మంచి చొక్కా వేసి, మొదటి బస్సుకే నెల్లూరు తీసుకెళ్ళాం. ఆ కాలంలో పరీక్ష అంటే ఏముంది, పిల్లవాణ్ణి బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరుగారు వెనక నిలబడి చిన్న కంచు గంట మోగించారు. మా వాడు చటుక్కున తిరిగాడు. ఇంకోసారి మోగించారు, ఇంకోసారి తిరిగాడు. పిల్లవాడికి బాగానే వినపడుతోందమ్మా, మాటలే ఆలస్యంగా వస్తాయి అని రాసి పంపేశారు. ఆయన తప్పేమీ లేదు, కళ్ళతో చూసిందే రాశారు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. రాత్రి అన్నాలు పెడుతుండగా నాన్న వాకిట్లోంచి తమ్ముణ్ణి కేకేశాడు. అమ్మ గడ్డమెత్తింది, వాడు తిరిగాడు. అంతే, అమ్మ చేతిలో గరిట అలాగే ఆగిపోయింది. గడ్డం చేత్తో పట్టుకుని నావైపు చూసింది.

"నేనే గదమ్మే చెప్పేసినాను. గంట మోగినప్పుడల్లా నేనే చెప్పేసినాను."

వాడికి ఏ లోటూ తెలియకూడదని పదేళ్ళు పడ్డ పాటు వాడికే అడ్డం వచ్చిందని ఆ రాత్రి అమ్మ ఏడ్చిన ఏడుపు నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. తెల్లారేసరికి మాత్రం కొప్పు ముడేసుకుని తయారైంది, ముగ్గురం మళ్ళీ నెల్లూరు బస్సెక్కాం. ఆసుపత్రి గుమాస్తా ఒకాయన, పుణ్యాత్ముడు, విసుక్కోకుండా రెండో పరీక్షకు అర్జీ ఆయనే రాసి అమ్మ వేలిముద్ర వేయించాడు. డాక్టరుగారి ముందు అమ్మ ఏమీ దాచలేదు.

"పొయినసారి వాణ్ణి తిప్పింది నేనేనయ్యా, గంట కాదు."

ఆయన కోప్పడలేదు. వాణ్ణి మళ్ళీ బల్ల మీద కూర్చోబెట్టి, అమ్మను గోడవైపు తిరిగి నిలబడమన్నారు.

అమ్మ తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక అమ్మ తనకు వీపు చూపించడం మా వాడికి అదే మొదలు. వాడి ముఖం పాలిపోయింది. గంట మోగింది. వాడు కదల్లేదు. అమ్మ కనపడకపోయేసరికి నావైపు చూశాడు, అక్కా నువ్వైనా చెప్పవే అన్నట్టు. మళ్ళీ మోగింది. నేను తల దించుకుని నేలకేసి చూస్తూ పళ్ళు బిగబట్టాను. మూడోసారి మోగేసరికి వాడు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు, అటు గోడ దగ్గర అమ్మ భుజాలు కదులుతున్నాయి. డాక్టరుగారు గంట పక్కన పెట్టి కలం తీసుకున్నారు.

ఆ కాగితంతోనే వాడు బడికి పోయాడు. మెడలో తాడుకు వేలాడే చెవి మిషను కూడా అక్కడే ఇచ్చారు, పెద్ద చప్పుళ్ళు కొంచెం తెలిసేవట. చదువుకుని, సర్కారు ఆఫీసులో అటెండరై, మొన్నమొన్ననే రిటైరయ్యాడు. మొదటి సెలవులకు వచ్చినప్పుడు పలక మీద అమ్మ పేరు రాసి చూపిస్తే, చదువు రాని మా అమ్మ ఆ పలకను మూడు రోజులు తుడవనివ్వలేదు. బిడ్డకు లోటుందని పదిమంది ముందు ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలో నాకు తల్లినయ్యాక గానీ తెలియలేదు.

అద్దాల గది తలుపు తెరుచుకుంది, వాడు నవ్వుతూ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు ఏ తల్లీ గోడవైపు తిరగక్కర్లేదు, మిషనే అన్నీ చూసుకుంటుంది, ఎంత మంచి కాలం వచ్చిందో అనుకుంటూ ఉండగా కౌంటరు నుంచి వాడి పేరు పిలిచారు. నా గడ్డం దానంతటదే పైకి లేచింది. వాడు నన్ను చూడనే లేదు. గోడ మీది బోర్డులో ఎర్రగా వెలిగిన తన నంబరు చదువుకుని అప్పటికే లేచి నడుస్తున్నాడు. అమ్మ కోరుకున్నది ఇదే కదా, సంతోషమే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఎత్తిన గడ్డం మెల్లగా దించుకుని, వాడు మరిచిపోయిన గొడుగు తీసుకుని వెనకే నడిచాను.