నూరు దాకా లెక్క

పత్తికి వాసన ఉండదంటారు పట్నంవాళ్లు. మందుల దుకాణంలో నీలం కాగితం చుట్టి అమ్మే దూదే వాళ్లకు తెలిసిన పత్తి కాబట్టి ఆ మాటకు వాళ్లను తప్పుపట్టలేం. ఆదిలాబాద్‌లో మా ఇంటి ముందు రోడ్డు మార్కెట్ యార్డుకు పోతుంది. దీపావళి దాటిందంటే చాలు, పొద్దున్నే పత్తి వ్యాన్లు, ట్రాక్టర్లు, ఇంకా అక్కడక్కడా మిగిలిన ఎడ్లబండ్లు ఆ రోడ్డు పొడుగునా వరుసగా నిలబడతాయి. బడికి పోతూ వాటి పక్క నుంచి బండి నడుపుతుంటే, ఎండిన ఆకుపొడి, నల్లరేగడి మట్టి, గింజలోని నూనె, ఎప్పుడో కొట్టిన పురుగుమందు అన్నీ కలిసిన వెచ్చని వాసన ముక్కుకు తగిలి, గొంతులో పోగు అడ్డం పడ్డట్టు ఒక్క దగ్గు వస్తుంది. పిల్లలకు ఎక్కాలు నేర్పే నలభై ఆరేళ్ల పంతులమ్మను, ఆ ఒక్క దగ్గుతో పదకొండేళ్ల పిల్లనైపోతాను.

మాది బోథ్‌కు దగ్గరలో ఒక చిన్న ఊరు. చుట్టూ నల్లరేగడి చేన్లు, వాటి వెనక టేకు అడవి. పొలాల అమావాస్యకు ఎడ్ల కొమ్ములకు రంగులేసి ఊరేగించినప్పుడు మోకాలెత్తు ఉన్న పత్తి, బతుకమ్మకు గునుగుపూలూ తంగేడుపూలూ కోసుకొచ్చే నాటికి మా తల దాటి ఎదిగి, అక్కడొకటి ఇక్కడొకటి తెల్లగా పగిలేది. మా అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, ఆమె కొంగును ఒడి కట్టుకుని, కూలివాళ్లతో పాటు తానూ సాళ్ల వెంట వంగి ఏరేది. సాయంత్రానికి మూటలన్నీ ఇంటికి చేరేవి. మంచి ధర పలికేదాకా పత్తి ఇంట్లోనే ఉండాలి కనుక నడి అర్ర దానికి ఇచ్చేసి, మంచాలు, గిన్నెలు, దేవుని పటాలు అన్నీ వసారాలోకి తెచ్చుకునేవాళ్లం. చలికి వణుక్కుంటూ బయట మనుషులం, వెచ్చగా లోపల పత్తి. దాంట్లోని పురుగులు కుట్టి ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవి, గోక్కుంటూనే పొద్దున్నే జొన్నరొట్టె, ఎల్లిపాయకారం తినేవాళ్లం.

అడవి నుంచి తెచ్చిన సీతాఫలాలను అవ్వ ఆ పత్తిలోనే పూడ్చి మగ్గబెట్టేది. ఎక్కడ పూడ్చిందో చెప్పేది కాదు. వెతకడానికి నేనూ, నాకన్నా నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడు గంగడూ భుజాల దాకా చేతులు దూర్చేవాళ్లం, తర్వాత తలలు, చివరికి మొత్తం మనుషులమే దూరిపోయేవాళ్లం. పండ్లు అయిపోయాక కూడా దూరడం మానలేదు. దానికి మునుగుడాట అని పేరు పెట్టుకున్నాం. అటుక మీది నుంచి పత్తిలోకి దూకాలి, లోపలికి తవ్వుకుంటూ పోవాలి, మీదున్నవాళ్లు ఇంకో నాలుగు ఒడులు పత్తి వేసి కప్పి లెక్కపెట్టాలి, ఎక్కువ లెక్క వచ్చేదాకా లోపల ఉన్నవాడే మొనగాడు. గంగాధర్ అని బడిలో రాసుకున్న మా ఏడేళ్ల గంగణ్ని మించిన మొనగాడు వాడకట్టులో లేడు. అరవై, డెబ్బై దాకా ఉండి, కనురెప్పల మీద కూడా పోగులతో ముసలివాడిలా బయటికి వచ్చి ఇకిలించేవాడు.

పెద్దవాళ్లు వద్దనలేదా అంటే, అన్నారు. "పత్తిల దయ్యముంటది, కాళ్లు వట్టి గుంజుతది" అనేది అవ్వ. ఆమె లెక్కలో బావిలోనూ దయ్యమే, చింతచెట్టు మీదా దయ్యమే, ఎడ్లబండి వెనక వేలాడితే చక్రంలో ఉండేదీ దయ్యమే. మేం పత్తిలో చాలాసార్లు వెతికాం. సీతాఫలాలు దొరికాయి, ఒకసారి పిల్లి, మూడు పిల్లి కూనలు దొరికాయి. దయ్యం అబద్ధమని తేలిపోయాక ప్రమాదం కూడా అబద్ధమే అనుకున్నాం. లోపల ఊపిరాడదని, పక్కనున్న కుప్ప జారి మీద పడుతుందని ఒక్కరైనా విడమరిచి చెప్పలేదు. అవ్వను అనడానికి నోరు రాదు, ఆమెకు వాళ్ల అవ్వ చెప్పింది కూడా దయ్యం గురించే.

మా బాపు నాకు ఎనిమిదేళ్లప్పుడు దుబాయి వెళ్లాడు. అవ్వకు చదవడం, రాయడం రాదు. అందుకని మొదటి సెలవుకు వచ్చినప్పుడు ఆయన ఒక టేప్‌రికార్డర్ తెచ్చిపెట్టాడు. అప్పటి నుంచి మా ఇంటి ఉత్తరాలన్నీ క్యాసెట్లే. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దుబాయి పోయేవాళ్లెవరైనా ఉంటే, కుడుకలు, గారెలు, మామిడికాయ తొక్కుతో పాటు అవ్వ గొంతు కూడా సంచిలో పెట్టి పంపేవాళ్లం. అవ్వ మైకు ముందు కొంగు సర్దుకుని కూర్చునేది, బాపు నిజంగా ఎదురుగా ఉన్నట్టు. బాపు అడిగే కోరికలు వింతగా ఉండేవి. బోరింగు కొట్టే చప్పుడు పంపమనేవాడు. బర్రె అరుపు కావాలనేవాడు. అవ్వ టేపు పట్టుకుని కొట్టంలో బర్రె ముందు నిలబడి, అది అరవకపోతే "ఒర్రవే, నీ అయ్య వింటడు" అని బతిమాలడం నాకింకా కళ్లముందే ఉంది. నా పదకొండో ఏట పంపిన క్యాసెట్లో ఆయన "పోరగాండ్లు ఆడుకునే లొల్లి గుడ జర పెట్టి పంపుండ్రి, ఈడ మా రూముల సప్పుడే లేదు" అన్నాడు.

అవ్వ ఒక వైపు నిండా తన ముచ్చట్లు చెప్పి, క్యాసెట్ టేపులోనే ఉంచి చేనుకు పోయిన రోజు, ఆ రెండో వైపు మాది అని నేను తీర్మానించేశాను. ఆటల లొల్లి ఊరికే ఎందుకు, గంగడు నూరు దాకా మునగడం వినిపిస్తే బాపు మురిసిపోడా! క్యాసెట్ తిరగేసి, టేపును అటుక మీద పెట్టి, ఎర్ర మీట నొక్కి, "బాపూ, నీ కొడుకు నూరు లెక్క మునుగుతుండు, విను" అని చెప్పాను. వాడు దూకాడు. గోడవారగా, ఎప్పుడూ లేనంత లోపలికి తవ్వుకుంటూ పోయాడు. నేను గొంతు సవరించుకుని, బళ్లో పద్యం చెప్పినట్టు స్పష్టంగా లెక్క మొదలుపెట్టాను.

యాభై దగ్గర పైనున్న కుప్ప మెల్లగా జారి గోడవైపు నిండింది. అరవై దగ్గర, ప్రతిసారీ కదిలే పత్తి కదల్లేదు. లోపల ఏదో అయిందని నాకు తెలిసింది. ఈ మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది కనుక దాచకుండా రాస్తున్నాను, నాకు అప్పుడే తెలిసింది. అయినా టేపు తిరుగుతోంది, మధ్యలో ఆపితే బాపుకు పంపేది పాడవుతుంది, నూరు అనకుండా ఆపితే గంగడు ఓడిపోయినట్టవుతుంది. డెబ్బై అన్నాను, ఎనభై అన్నాను, తొంభై అన్నాను. నూరు అని అరిచి, "రారా" అన్నాను. వాడు రాలేదు.

దూకి తవ్వాను. ఎంత తోడితే అంత మళ్లీ జారి వచ్చేది. నా ఏడుపు విని, అప్పుడే చేను నుంచి వచ్చిన అవ్వ నెత్తి మీది మూట వాకిట్లో పడేసి, "కొడుకా, గంగా" అంటూ పత్తిలోకి పడింది. గోడవైపు నుంచి గీరి గీరి, కాలు దొరకబుచ్చుకుని లాగింది. వాడి పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నోట్లో వేలు పెట్టి పత్తి తీసి, బోర్లా ఒళ్లో వేసుకుని వీపు మీద చరుస్తూ ఉంటే, ఎంతసేపటికో వాడొక్క దగ్గు దగ్గాడు. అవ్వ నన్ను కొట్టలేదు. వాణ్ని ఒళ్లో పెట్టుకుని కొండగట్టు అంజన్నకు మొక్కుకుంటూ కూర్చుంది. అటుక మీద టేపు టక్కున ఆగిన చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను.

మూడో రోజున పక్క ఊరి లింగన్న దుబాయి బయల్దేరాడు. అవ్వ ఎప్పటిలాగే క్యాసెట్ తీసి సంచిలో వేసింది. రెండో వైపు ఏముందో ఆమెకు తెలియదు. చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్తే నేను లెక్క ఆపని సంగతి కూడా బయటపడుతుందని మింగేశాను. లింగన్న ఎక్కిన బస్సు దుమ్ములో కలిసిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ తర్వాత రోజూ దేవుణ్ని ఒక్కటే కోరుకున్నాను, ఆ సంచి ఎక్కడైనా పోవాలని.

పోలేదు. పదిహేను రోజులకు, బోథ్‌లో మేం విత్తనాలు తెచ్చుకునే దుకాణం గుమాస్తా మధ్యాహ్నం ఎండలో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. ఆ దుకాణంలో ఫోన్ ఉండేది.

"మీ ఆయన ఫోన్ చేసిండమ్మా. గంగడు ఉన్నడా అని అడుగుతుండు. ఇంకో ముచ్చట లేదు, గదే అడిగిండు. రేపు పదింటికి మళ్ల చేస్తడట" అన్నాడు.

"ఉండక ఏడికి వోతడు? గదేం అడుగుడు?" అని అవ్వ నవ్వబోయి, నా ముఖం చూసి ఆగిపోయింది. టేపు నడుస్తూనే ఉందని ఏడుస్తూ చెప్పాను. లెక్క సంగతి మాత్రం అప్పుడూ చెప్పలేదు. బాపు విన్నది ఏమిటో నాకు తెలుసు: నా లెక్క, నా ఏడుపు, అవ్వ అరుపు, ఆ తర్వాత టేపు అయిపోయిన చప్పుడు. వాడి సన్నని దగ్గు అటుక మీది టేపులో ఎక్కిందో లేదో నాకు తెలియదు.

మర్నాడు ముగ్గురం బోథ్ వెళ్లాం. పదింటికి ఫోన్ మోగగానే అవ్వ ముందుగా గంగడి చెవికే పెట్టింది. వాడు, "బాపూ, నాకు బ్యాటరీ కారు తెస్తవా?" అన్నాడు. అటునుంచి ఏదో చప్పుడు వచ్చింది. వాడు మా వైపు తిరిగి, "బాపు నవ్వుతుండు" అని చెప్పాడు. అవ్వ ఫోన్ తీసుకుని విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వడం లేదు.

తర్వాతి నెలలో బాపు క్యాసెట్ వచ్చింది. మొదట్లోనే, "ఇది పెద్దపిల్ల ఒక్కతే వినాలె" అన్నాడు. అవ్వ ఏమీ అడగకుండా గంగణ్ని తీసుకుని వాకిట్లోకి పోయింది. తిడతాడని చెవులు మూసుకోబోయాను. బాపు గొంతు వెనక ఫ్యాను తిరిగే చప్పుడు వస్తోంది.

"ఆటల లొల్లి పంపుమన్నది నేనే. గా తప్పు నాది బిడ్డా" అన్నాడు. "అరువై కాడ నీ గొంతు మారింది. నాకు ఇనవడ్డది. నీకు ఎరుకైంది గని ఆగలే. బాపు వింటడు, టేపు ఖరాబైతదనుకున్నవ్ గదా? ఇంకోసారి నీ పానం గట్ల గుంజితె ఆట చెడగొట్టు. ఒర్రు, ఉరుకు, అందర్ని పిలువు. తీరా ఏం కాలేదని ఎవ్వలన్న నవ్వితె మా బాపు చెప్పిండని చెప్పు. గీ ముచ్చట నీకు, నాకే. ఫికర్ చెయ్యకు."

దయ్యం మాట లేకుండా, దుడ్డుకర్ర మాట లేకుండా ఒక పెద్దమనిషి నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఆ రోజు నేను ఏడ్చిన ఏడుపంతా భయంతో ఏడ్చింది కాదు. బాపు బతికినన్నాళ్లూ ఆ మాట మళ్లీ ఎత్తలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఆయన పోయి ఆరేళ్లు. ఆ క్యాసెట్ మీద తర్వాతెప్పుడో ఎవరిదో పెళ్లి బాజా ఎక్కించేశారు. నడి అర్ర కూలగొట్టి గంగడు స్లాబు వేసుకున్నాడు. ఇప్పుడు పత్తి చేను దగ్గరే వ్యాను ఎక్కుతుంది, ఇంట్లోకి ఒక్క పోగు రాదు. సీతాఫలాలు బియ్యం డబ్బాలో మగ్గుతున్నాయి.

పోయిన వారం మా వాడి తరగతి తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులోకి ఒక వీడియో వచ్చింది. ఎవరిదో డాబా మీద పిల్లలు ఊపిరి బిగబట్టే పందెం ఆడుతున్నారు. పక్క సందులోని పిల్లవాడు ముఖం కందగడ్డలా చేసుకుని నిలబడి, ఉన్నట్టుండి నీళ్ల ట్యాంకుకు ఒరిగి కింద కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్లు నటిస్తున్నాడనుకుని నవ్వారు. మా వాడు ఎక్కడా కనబడలేదు, హమ్మయ్య అనుకున్నాను. ఆ పిల్లవాడికి ఏమీ కాలేదని, బడికి కూడా వచ్చాడని తెలిసి, ఇంకోసారి చూశాను. అప్పుడు విన్నాను, ఫోన్ పట్టుకున్నవాడి గొంతు. ఫిఫ్టీ ఫోర్, ఫిఫ్టీ ఫైవ్, ఫిఫ్టీ సిక్స్. పిల్లవాడు పడిపోయాక కూడా నాలుగు అంకెలు. అది నా కొడుకు గొంతు.

సాయంత్రం ఉడికించిన శనగ గుడాలు గిన్నెలో పెట్టి, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. "నేను ఆడలే అమ్మా, వీడియో తీసిన అంతే" అన్నాడు. పన్నెండేళ్లవాడు, చూపు నా మీద నిలపలేకపోయాడు. పత్తి, టేపు, అరవై, నూరు, బాపు మాటలు, అన్నీ చెప్పాను. మామ చిన్నప్పుడు పత్తిలో ఇరుక్కున్న కథ వాడికి తెలుసు. మిగతాది ఎవరికీ చెప్పింది కాదు. వాడు గిన్నెలోకి చూస్తూ, "మామకు ఎరుకనా?" అన్నాడు.

తెలియదన్నాను. ఆ మాట అన్నాక ఊరికే కూర్చోలేకపోయాను. గంగడికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి, నాకు తెలిసి కూడా లెక్క ఆపలేదురా అని ఒక్క గుక్కలో చెప్పేశాను. చేనులో ఉన్నట్టున్నాడు, గాలి చప్పుడు వస్తోంది.

"గిదా అక్కా నువ్వు గిన్నేండ్లు దాచింది?" అన్నాడు వాడు. "లోపట నాకు నీ లెక్క ఇనవడ్డది. సన్నగ, దూరంకెల్లి వచ్చినట్టు. చీకటి, ఊపిరాడుతలేదు. అక్క ఈడనే ఉన్నది, లెక్కవెడుతుంది అనుకున్న. గా గొంతు ఉన్నంతసేపు నాకు బయం కాలే, బుగులు కాలే."

నా కొడుకు కళ్లు తుడుచుకుని, ఫోన్ కోసం చెయ్యి చాపాడు. పక్క సందులోని పిల్లవాడితో మాట్లాడాలట.