కుడి స్తంభం దగ్గర పైడిరాజు గారు

విశ్రాంత గని సర్వేయర్ పైడిరాజు గారు సోమవారం తెల్లవారుజామున మన ఇనుపగనుల ఊరు బచేలిలో కన్నుమూశారు. ఆ కబురు ఫోనులో అందినప్పుడు నేను గనిలో కొలతల మధ్య ఉన్నాను. పరికరంలోంచి చూస్తూనే ఉన్నాను గాని అవతల నిలబెట్టిన కొలకర్ర మీది అంకె చదవలేకపోయాను. సంస్మరణలో కటువైన మాటలు వద్దని మిత్రులు చెప్పారు. కటువైన మాటలు తీసేస్తే పైడిరాజు గారిలో మిగిలేది చాలా తక్కువ.

నేను ఆయన కింద సర్వేయరుగా చేరిన కొత్తలో ఆయన నన్ను బారసూరు దారిలోని పాత శివాలయానికి తీసుకువెళ్లి ప్లాను గియ్యమన్నారు. మన టౌన్‌షిప్ తెలుగువాళ్లం ఏటా కార్తీకంలో వనభోజనాలకు వెళ్లే గుడే. గీసి చూపించాను.

“ఒరే, ఈ స్తంభాలు తిన్నగా ఉన్నాయని నీకెవడు చెప్పేడ్రా?”

“స్తంభాలు తిన్నగానే కదండీ ఉంటాయి.”

“మీ కాలేజీలో ఉంటాయి. ఇక్కడ కుడిపక్కది వాలిపోనాది. నువ్వు గీసింది గుడి కాదు, నీ డిప్లొమా.”

కాగితం చింపి ముక్కలు నా చేతిలోనే పెట్టారు.

మరో ఏడాది వనభోజనాల్లో ఒకాయన “ఎంతైనా మన ఓరుగల్లువాళ్లు కట్టిన గుడి” అని మురిసిపోయారు. పైడిరాజు గారు పులిహోర నములుతూనే, “మనోళ్లు వచ్చీసరికి ఈ కప్పు కింద గబ్బిలాలు మనవల్ని ఎత్తుకున్నాయి బాబూ” అన్నారు. తర్వాత ఒక్కొక్కటే చూపించారు. పీఠం, స్తంభాలు అంతకు ముందే ఇక్కడ ఏలిన నాగవంశీయుల నాటివి. ద్వారం పక్కన మార్చిన రాయి కాకతీయుల కాలానిది కావచ్చు. పైన సున్నపు అతుకు మరాఠాల నాటిది. పగిలిన దూలానికి ఇనుప పట్టీ తెల్లవాళ్ల హయాంలోది.

“వొచ్చినోడల్లా అతుకేసి పోయేడు. ముందోడి రాత ఎవడూ చెరపలేదు” అన్నారు.

ఆ రాత కుడి స్తంభం మీద ఉండేది. పాత తెలుగు లిపి. తడి కాగితం రాతికి అతికించి, బ్రష్షుతో మొత్తి, సిరా అద్ది ఆయన అచ్చు తీసేవారు. పై వరుసల్లో ఎవరో గుడికి భూమి ఇచ్చినట్టు ఉంది. ఇచ్చినవాడి పేరు, కాలం ఉండవలసిన కింది వరుసలు, తర్వాతెప్పుడో ఎత్తు చేసిన నేలలో కూరుకుపోయాయి. అవి చదివితే గుడి ఎవరిదో తేలుతుంది. రిటైరయ్యాక ఆయన సొంతూరు విజయనగరం వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయింది వాటి కోసమే.

పోయిన ఏడాది మన టౌన్‌షిప్ గుడి కమిటీ ఆ శివాలయానికి టైల్స్ వేయించాలనుకుంది. భక్తితోనే. రాయి నల్లబడింది, దేవుడు చీకట్లో ఉన్నాడు అన్నారు. పైడిరాజు గారు అడ్డుచెప్పారు. ప్రెసిడెంటు కోటేశ్వరరావు గారు మెత్తబడ్డారు కూడా. “సరేనండీ, కార్తీకం వెళ్లేదాకా ఆగుదాం. ఈలోగా మీరు తవ్వి చదువుకోండి” అన్నారు. పైడిరాజు గారు అక్కడ ఆగవలసింది.

“ఆగడమేటి కోటేస్రావూ! గుడికీ నీ ఇంటి బాత్రూముకీ తేడా తెలీనోడివి, నిన్నెవడు ప్రెసిడెంటుని చేసేడు?”

హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. కోటేశ్వరరావు గారు నవ్వులు ఆగేదాకా చూసి, “అయితే కార్తీకానికి ముందే వేయిద్దాం” అన్నారు.

గుడి దగ్గర టైల్స్ దించారని తెలిసిన రోజున పైడిరాజు గారు కోటేశ్వరరావు గారి ఇంటికి వెళ్లారు. వెంట నేనున్నాను. ఆయన ఒకరిని బతిమాలడం నేను ఎన్నడూ చూడలేదు.

“నోరు జారేను. ఆ కుడి స్తంభం ఒక్కటీ వొదిలీ బాబూ.”

“అందరి ముందూ అన్నారు కదండీ. అందరి ముందే చెప్పండి. ఆదివారం హారతి దగ్గర.”

ఎనభైకి దగ్గరపడిన మనిషి మైకు ముందు నిలబడి క్షమించమన్నారు. కోటేశ్వరరావు గారు శాలువా కప్పారు. ఆ శాలువాతోనే ఇద్దరం గుడికి వెళ్లాం.

కుడి స్తంభం చుట్టూ గులాబీ రంగు టైల్స్ మెరుస్తున్నాయి. పైడిరాజు గారు వాటిమీద అరచెయ్యి ఆనించారు. ఎర్రబోరు అనే ఊరి నుంచి వచ్చిన మేస్త్రి తాపీ కడుక్కుంటూ నవ్వాడు.

“ఏంది సారూ, స్తంభానికి జరమొచ్చిందా, పట్టి చూస్తున్నవ్?”

“కింద రాతల్లేవా?”

“ఎందుకు లెవ్వు! నేల తీసినంక మోకాలెత్తు రాతలే. మొత్తం ఉలితోని గాట్లు పెట్టినం. లేకుంటే సిమెంటు పట్టది గద. శుక్రవారమే అయిపాయె. ప్రెసిడెంటు సారొచ్చి చూసి, బఢియా, మంచిగున్నది అన్నడు.”

పైడిరాజు గారు అతన్ని తిట్టలేదు. నాకు భయం వేసింది అప్పుడే. తర్వాత మంచం పట్టారు. ఏనాడూ ఏ వంటనూ మెచ్చుకోని మనిషి, మన ఆడవాళ్లు తెచ్చిన జావను “బాగుందమ్మా” అంటూ తాగేవారు.

నిన్నటి సంతాప సభలో, ఆయనకు ప్రీతిపాత్రమైన కుడి స్తంభానికి ఆయన పేరు చెక్కిన నల్లరాతి ఫలకం బిగించాలని కోటేశ్వరరావు గారు ప్రతిపాదించారు. మరమేకులకు ఎక్కడెక్కడ డ్రిల్ వేయాలో కొలిచి గుర్తులు పెట్టే పని, శిష్యుణ్ణి కనుక, నాకు అప్పగించారు. ఏకగ్రీవంగా ఆమోదించారు.

పైడిరాజు గారు వినివుంటే అక్కడికక్కడే ఒక జవాబు వచ్చేది. దానివల్ల ఫలకం ఆగకపోవచ్చు. ఆయన మాటవల్ల ఎప్పుడూ ఏదీ ఆగలేదు. కానీ వేదిక మీదివాళ్ల మొహాలు ఎర్రబడేవి. నేను అలాంటి మాట కోసం సభ ముగిసేదాకా వెతుక్కున్నాను. మన టౌన్‌షిప్‌లో ఇక ఆ నోరు లేదు.