దారం వంకరట!

టైల్స్ మేస్త్రీకి కోపం ముక్కు మీదే ఉండేది. ముప్పై ఏళ్ళ పనిలో ఆయన తిట్టని మనిషి లేడు, ఆయన వేసిన నేలకు వంక పెట్టిన మనిషీ లేడు. అందుకే జనం ఆ నోటిని భరించారు. టైల్స్ పరిచాక నేలకు చెంప ఆనేంత కిందికి వంగి, ఎడమ కన్ను గట్టిగా మూసి, కుడికంటితో గీత పొడవునా చూసేవాడు. "రెండు కళ్ళతో సినిమా చూడాలిరా, గీతను ఒంటికంటితోనే చూడాలి" అనేవాడు.

ఆ మాటలన్నీ పడేది భార్య తమ్ముడు. ఇరవై ఏళ్ళుగా బావ పక్కనే పని చేస్తున్నాడు, నోట్లో నాలుక లేని మనిషి.

ఎనిమిది నెలల కిందట ఒక బట్టల కొట్టులో మొదలైంది గొడవ. బావమరిది వేసిన నేలను మేస్త్రీ ఎప్పటిలాగే ఒంటికంటితో చూశాడు. గీత మధ్యలో పాములా మెలి తిరిగింది.

"ఏరా, కళ్ళు అద్దెకిచ్చావా? పీకేసి మళ్ళీ వెయ్!" అని కొట్టు యజమాని ముందే అరిచాడు.

బావమరిది రసమట్టం పెట్టాడు, మూలమట్టం పెట్టాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "మట్టాలు నాకు నేర్పుతావా?" అంటూ మేస్త్రీ సుత్తి తీసుకుని ఆరు టైల్స్ పగలగొట్టాడు. తరవాత స్కూల్లో అదే తంతు, ఆఫీసు వరండాలో అదే తంతు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా! చివరికి ఒకరోజు నలుగురిలో, "నీ చెయ్యి పోయిందిరా. ఇక నా దగ్గర నీకు పని లేదు, పో" అన్నాడు. ఇరవై ఏళ్ళు వెంట నడిచినవాణ్ణి అంత మాట అనడానికి నోరెలా వచ్చిందో! వాడు తాపీ కడుక్కుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

అసలు సంగతి ఒక వంటింట్లో బయటపడింది. కొత్తగా పెట్టుకున్న నడివయసు పనివాడు రెండు మేకుల మధ్య దారం బిగించాడు. మేస్త్రీ ఒంటికన్ను పెట్టి, "దారం వంకరగా ఉంది, లాగు" అన్నాడు. లాగాడు. "ఇంకా వంకరే!" మళ్ళీ లాగాడు. దారం తెగింది. ఆ ఇంటావిడ నవ్వాపుకోలేక, "లాగి కట్టిన దారానికి వంకరేమిటి మేస్త్రీగారూ? ముందు కన్ను చూపించుకోండి" అంది.

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్ళను చూశాం గానీ, దారం వంకరన్నవాణ్ణి ఎక్కడైనా చూశామా!

ఇంటికెళ్ళి తలుపు అంచును ఒక్కో కంటితో చూసుకున్నాడు. ఎడమకంటికి తిన్నగా ఉంది. కుడికంటికి వంకర. భార్యతో మాత్రం "కన్ను కాస్త మసకేసింది" అన్నాడు.

కంటాసుపత్రికి తోడు ఎవరైనా రావాలన్నారు. భార్యకు కుట్టుపని ఫ్యాక్టరీలో సెలవు దొరక్క తమ్ముణ్ణి బతిమాలింది. వాడు అక్క మాట తీసెయ్యలేక వచ్చాడు. కుర్చీ ఖాళీగా ఉన్నా గోడకానుకుని నిలబడ్డాడు.

డాక్టరమ్మ గళ్ళ కాగితం చూపించింది, కంటికి ఫోటోలు తీయించింది. "కంటి వెనక తెర కింద ఉండకూడని రక్తనాళాలు పుట్టాయి. బలం లేనివి, కారుతున్నాయి. తెర ఉబ్బి తిన్నని గీత వంకరగా కనిపిస్తోంది. అవి పెరక్కుండా కంట్లోకే సూదిమందు వేస్తాం, ముందు నెలకొకటి."

"కంట్లోకి సూదా? ముందు మీ కంట్లో వేయించుకోండి!"

"నాకు గీతలు తిన్నగానే కనిపిస్తున్నాయి" అంది ఆవిడ, ఏమీ తగ్గకుండా. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"నిన్నటి నుంచి."

"ఇక్కడ మచ్చ కడుతోంది, ఇది నిన్నటిది కాదు. మచ్చ కట్టినచోట చూపు తిరిగి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి. ఎంత నిలబడుతుందో తేల్చాలంటే నిజం కావాలి. అబద్ధం చెబితే నాకేం పోదు, మీ కన్నే పోతుంది."

నిజం చెబితే గోడకానుకున్నవాడు వింటాడు. చెప్పకపోతే కుడికన్ను పోతుంది, దాంతో మేస్త్రీతనమూ పోతుంది.

"ఎనిమిది నెలలు" అన్నాడు నేల చూస్తూ.

బావమరిది గోడ వదిలి ముందుకొచ్చాడు. "అంటే, మొదటి గొడవ నుంచీ?"

"అవున్రా. నీ పని తిన్నగానే ఉంది. నా కన్నే..."

"చెయ్యి పోయిందన్నావు. నమ్మాను బావా! ఇరవై ఏళ్ళు నువ్వేం చెప్పినా నమ్మాను, అదీ నమ్మాను. వణుకుతోందేమోనని నిండు గ్లాసు పట్టుకుని చూసుకునేవాణ్ణి. టైల్స్ కోసే మిషను అమ్మేశాను. ఇప్పుడు గోడౌన్లో మూటలు మోస్తున్నాను."

మేస్త్రీ నోరు తెరిచాడు. ఆ నోటికి తిట్లు తప్ప ఇంకేం అలవాటు?

నర్సు కాగితం పట్టుకొచ్చి, తోడు వచ్చినవాళ్ళు సంతకం పెట్టాలంది. బావమరిది పెట్టి పెన్ను తిరిగిచ్చాడు.

"సూది వేసేటప్పుడు కదలకు. నీ కన్ను బాగవ్వాలనే కోరుకుంటాను బావా. పనికి మాత్రం పిలవకు."