నాలుగు వందల పన్నెండు మాటలు

కంప్యూటరు లెక్క ప్రకారం ఆవిడకు నాలుగు వందల పన్నెండు జపనీసు మాటలు వచ్చు. ఆవిడ లెక్క ప్రకారం రెండు వందల ముప్పై, అవి కూడా కాస్త బతిమాలితే వచ్చేవాటిని కలుపుకుని. మధ్యలో ఉన్న ఆ నూట ఎనభై రెండు మాటలూ తను ఎప్పుడు నేర్చుకుందో, ఎప్పుడు మర్చిపోయిందో ఆవిడకు బొత్తిగా తెలియదు. నవ్వి ఊరుకోవాల్సిన సంగతే. కానీ ఆవిడకు నవ్వు రాలేదు, భయం వేసింది.

ఆవిడ కుట్టుషాపులో కటింగు చేస్తుంది. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. షాపులో చిన్నా పెద్దా అందరూ కటింగక్క అనే పిలుస్తారు, ఆఖరికి ఆవిడకన్నా పదిహేనేళ్లు పెద్దవాడైన మాస్టారు కూడా మాట తొందరలో ఒక్కోసారి అక్కా అనేసి నాలుక కరుచుకుంటాడు. ఒకసారి టేపుతో కొలిచిందంటే ఆ మనిషి భుజాలూ చేతులూ ఆరు నెలలపాటు ఆవిడ బుర్రలో ఉండిపోతాయి. "పోయినసారికన్నా నడుము రెండు వేళ్లు పెరిగిందండోయ్" అని పుస్తకం తెరవకుండానే చెప్పి, ఎంతోమంది పెద్దమనుషుల్ని అందరిలో ఇబ్బంది పెట్టిన ఘనత ఆవిడది.

జపనీసు గొడవ ఒక జేబుతో మొదలైంది. సంగీతం చెప్పే టీచరమ్మ ఒకావిడ జపాను నుంచి తెప్పించుకున్న కుట్టుపుస్తకం పట్టుకొచ్చి, అందులోని కోటు కావాలంది. బొమ్మలు చూస్తే కళ్లు తిరిగాయి. ఒంటి భాగమూ చేతులూ ఒకే ముక్కలో, ఎక్కడా అతుకు లేదు. గీతలను బట్టి కటింగక్క గుడ్డ కోసేసింది, కోటు చక్కగా కుదిరింది, టీచరమ్మ మురిసిపోయింది. లోపలి జేబు మాత్రం తలకిందులుగా వచ్చింది. బొమ్మ పక్కన చీమల బారులా ఏదో రాసి ఉంది గాని, అది చదవడం ఎవరి తరం? టీచరమ్మ ఆ జేబులో ఎప్పుడూ చెయ్యి పెట్టలేదు కాబట్టి గొడవ లేకపోయింది. కానీ కటింగక్క మనసులో ఆ జేబు నెల రోజులు వేలాడింది.

వేరే ఊళ్లో నర్సుగా పనిచేసే కూతురికి ఫోనులో ఈ సంగతి చెబితే, ఆ పిల్ల తరవాతి సెలవుకి వచ్చినప్పుడు జపనీసు నేర్పే సాఫ్టువేరు ఒకటి కొని, తను వదిలేసి వెళ్లిన పాత కంప్యూటరులో పెట్టింది.

"ఇది ఒక్కరికేనమ్మా. నీ పేరు మీద పెట్టాను. ఎంతవరకు నేర్చుకున్నావో అదే గుర్తు పెట్టుకుంటుంది."

ఆ రోజే కటింగక్క ఆడపడుచూ, ఆడపడుచు భర్తా ఇంటికి వచ్చి ఉన్నారు. సిటీబస్సు నడిపే మొగుడు గారికి ఆ మాత్రం సభ దొరికితే చాలు.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టిందో గుర్తుండదు గాని, మా ఆవిడ జపాను భాష గుర్తు పెట్టుకుంటుందటోయ్ బావా!" అన్నాడు.

అందరూ నవ్వారు. కటింగక్క కూడా నవ్వింది. ఆ నవ్వు అయ్యాక వంటింట్లోకి వెళ్లి ఉప్పు డబ్బా ఎక్కడుందో ఒకసారి చూసుకుంది.

రోజూ సాయంత్రం షాపునుంచి వచ్చి, టీ తాగి, అరగంట కంప్యూటరు ముందు కూర్చునేది. తెర మీద గొడుగు బొమ్మ వస్తుంది. లోపలినుంచి ఒక అమ్మాయి తియ్యగా "కాసా" అంటుంది. కటింగక్క కూడా కాసా అంటుంది. పిల్లి నెకో, నీళ్లు మిజు. ఒక మాట మూడుసార్లు సరిగ్గా చెబితే టింగుమని గంట మోగి, ఆ మాటకు ఆకుపచ్చ చుక్క పడుతుంది. ఆ చుక్క కోసం ఆవిడ ఎంత ఆశపడేదంటే, షాపులో గుండీలకు కాజాలు కుట్టే ఆవిడతో కూడా చెప్పుకునేది. నేర్చుకున్న ప్రతి మాటనూ కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాసుకునేది.

ఒకటిన్నర నెల బాగానే సాగింది. తరవాత ఒక సాయంత్రం, ఏడో పాఠం తెరుద్దామని కూర్చుంటే తెర మీద తొమ్మిదో పాఠం నవ్వుతూ నిలబడి ఉంది. చెయ్యి తగిలి ముందుకు పోయిందేమో అనుకుని వెనక్కి వెళ్లింది. ఏడూ ఎనిమిదీ నిండా ఆకుపచ్చ చుక్కలు. వారం చివరి పరీక్షలో కంప్యూటరు అమ్మాయి రైల్వే స్టేషను బొమ్మ చూపించి ఇదేమిటని అడిగింది. ఆవిడ జన్మలో ఆ మాట విని ఎరగదు. అప్పుడా అమ్మాయి, అదే తియ్యటి గొంతుతో, ఈ మాట మీకు వచ్చు, గుర్తు తెచ్చుకోండి అంది.

టిక్కెట్టు? మీకు వచ్చు, గుర్తు తెచ్చుకోండి. ఎడమ వైపు? మీకు వచ్చు.

కటింగక్క కంప్యూటరు ఆపేసి, చీకటి తెరలో తన మొహం చూసుకుంటూ కూర్చుంది.

వాళ్లమ్మకు చివరి నాలుగేళ్లూ జ్ఞాపకం పోయింది. మొదట తాళాలు మరిచిపోయేది, తరవాత వీధి. ఆఖరికి, అన్నం కలిపి పెడుతున్న కూతురి వైపు చూసి, "మీరెవరింటి అమ్మాయండీ?" అని మర్యాదగా అడిగేది. తిట్టినా భరించేది గాని, ఆ "అండీ"ని కటింగక్క భరించలేకపోయింది. వాళ్లమ్మకు అది మొదలైంది యాభై మూడో ఏట. కటింగక్కకు ఇప్పుడు యాభై రెండు.

ఎవరికి చెబుతుంది? మొగుడికి చెబితే ఉప్పు డబ్బా కథకు రెండో భాగం దొరుకుతుంది. కూతురికి చెబితే ఉద్యోగం వదిలి పరిగెత్తుకొస్తుంది. ఒక శనివారం సగం రోజు సెలవు పెట్టి ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన వందలోంచి ఏడేసి చొప్పున తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమన్నాడు. టేపు వెనక్కి లాగినట్టు గడగడా చెప్పేసింది. మూడు మాటలు చెప్పి, ఐదు నిమిషాల తరవాత అడిగాడు. మూడూ చెప్పి, ఆయన చొక్కా ఎడమ భుజం అరంగుళం జారి ఉందని కూడా చెప్పింది.

"మీ బుర్ర నా బుర్రకన్నా బాగుందమ్మా" అన్నాడు డాక్టరు.

ఆవిడ నమ్మలేదు. పాపం, ఆయనకేం తెలుసు, ఆ నూట ఎనభై రెండు మాటల సంగతి!

షాపులో ప్రతి కొలతా రెండుసార్లు తీయడం మొదలుపెట్టింది. తరవాత మూడుసార్లు. ఒకరోజు ఖరీదైన ఊలు గుడ్డ మీద సుద్దతో గీసి, కత్తెర తెరిచి, అలాగే నిలబడిపోయింది. గీసింది ఎవరి కొలతో, ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కొలత సరైనదే. కానీ ఆ సాయంత్రమే మాస్టారి దగ్గరికి వెళ్లి, ఇక కత్తెర పట్టనని, అంచులు కుట్టుకుంటూ కూర్చుంటానని చెప్పేసింది.

"ఎవరన్నా ఏమన్నా అన్నారామ్మా?"

"లేదండీ. కళ్లు సరిగా ఆనడం లేదు."

"కళ్లకైతే అద్దాలున్నాయి కదా?"

"అద్దాలతో పోయేది కాదు లెండి."

మాస్టారు రెండు రోజులు మొహం వేలాడేసుకు తిరిగాడు. మూడో రోజున, తన తమ్ముడి కోడలికి కటింగు వచ్చని, సోమవారం నుంచి రమ్మన్నానని చెప్పాడు.

ఆ సోమవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం మొగుడు గారు అక్కగారింటికి వెళ్లాడు. కటింగక్క కంప్యూటరు ముందు కూర్చుంది. ప్రతి పాఠం చివరా రెండు వాక్యాలు మైకులో చెప్పాలి, చెప్పిన గొంతును కంప్యూటరు దాచిపెడుతుంది. తన గొంతు తను వినడం ఆవిడకు సిగ్గు, అందుకే దాన్ని వినిపించే బొత్తాం ఎప్పుడూ నొక్కలేదు. ఇప్పుడు నొక్కాలనిపించింది. తొమ్మిదో పాఠం తను నిజంగా చదివి మరిచిపోయి ఉంటే, అక్కడ తన గొంతు ఉండాలి. ఉంటే ఇక అనుమానమే లేదు. చెయ్యి మౌసు మీద పెట్టింది. పక్కింట్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా ఆగి, నొక్కింది.

"ఎకి... వా... దొకో..." అంది కంప్యూటరు, గుసగుసగా, బొంగురుగా. మగగొంతు!

తరవాత దగ్గు వచ్చింది, రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆ దగ్గుతో ఆవిడ ఇరవై ఏడేళ్లు కాపురం చేసింది.

"ఆగు తల్లీ, ఆగు. మళ్లీ చెబుతాను. ఎకి వా దొకో దెసు కా. ఆఁ, వచ్చింది!"

ఆ వాక్యానికి అర్థం, స్టేషను ఎక్కడుంది అని, తెర మీద కటింగక్కకు కనిపించింది. తరవాత అన్నీ వరసగా విన్నది, మొత్తం పద్నాలుగు. ఒకదాంట్లో మొగుడు గారు "గట్టిగా అరవకే, ఆవిడ లేస్తుంది" అని కంప్యూటరు అమ్మాయిని బతిమాలుతున్నాడు. ఇంకోదాంట్లో తప్పు చెప్పి తనను తనే "వెధవా" అని తిట్టుకున్నాడు. మొదట నవ్వింది, తరవాత ఏడ్చింది. కళ్లు తుడుచుకున్నాక మాత్రం మహా కోపం వచ్చింది. సాయంత్రం ఆయన ఇంటికొస్తే మామూలుగానే అన్నం పెట్టింది.

ఆయన మొదటి బస్సు ఐదూ పదికి. సోమవారం తెల్లవారుజామున నాలుగుంపావుకి ఆయన పిల్లిలా మంచం దిగాడు. ఐదు నిమిషాలాగి కటింగక్క కూడా దిగింది. ముందుగదిలో మొగుడు గారు యూనిఫారం చొక్కా వేసుకుని, చప్పుడు బయటికి రాకుండా స్పీకరు మీద తువ్వాలు కప్పి, పరీక్షహాల్లో కుర్రాడిలా ముందుకు వంగి కూర్చున్నాడు.

"ఏవండీ, స్టేషను ఎక్కడుందో తెలిసిందా?"

ఆయన కుర్చీతో సహా అదిరిపడ్డాడు. "ఇదా... ఇది దానంతటదే వెలిగిందే."

"దానంతటదే దగ్గింది కూడానా?"

ఇక దాచడానికేం మిగల్లేదు. మూడు నెలల కిందట, అసలు ఇందులో ఏముందో చూద్దామని ఒకసారి తెరిచాడట. పిల్లి బొమ్మ నొక్కితే గంట మోగిందట. స్కూల్లో చదివినన్నాళ్లూ ఆయనకు ఏ మాస్టారూ గంట కొట్టలేదు. మర్నాడు మళ్లీ తెరిచాడు.

"నాకు చెబితే మీ సొమ్మేం పోయేదండీ?"

"ఎలా చెప్పనే? అక్కా బావల ముందు అంత మాటన్నాక నీ నోటికి దొరికితే ఇంకేమైనా ఉందా!"

"మరి నా చుక్కలన్నీ మీరు పెట్టేస్తుంటే?"

"లెక్క పెరుగుతుంటే నీకు సంతోషంగా ఉంటుందనుకున్నా" అన్నాడు, నిజంగానే అలా అనుకున్న మొహంతో.

"నాకు మతి పోతోందనుకున్నాను" అంది కటింగక్క. "మా అమ్మకు పోయినట్టు."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. తువ్వాలు కిందనుంచి అమ్మాయి ఏదో అడిగింది.

"డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను."

"ఒక్కదానివేనా?"

"కత్తెర వదిలేస్తానని మాస్టారికి చెప్పేశాను. కొత్తావిడ ఇవాళే వస్తోంది."

అత్తగారి చివరి రోజులు ఆయనా చూసినవాడే. బూట్లు వేసుకుంటూ, లేసులవైపే చూస్తూ, "నేనొచ్చి చెబుతాను" అన్నాడు.

"అందరి ముందూ చెప్పాలి. నేను చెబితే కళ్లు ఒక్కరోజులో బాగయ్యాయా అంటారాయన."

"అందరి ముందూనా?"

"ఆ రోజు అందరి ముందే కదా అన్నారు."

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, డ్యూటీ దిగి, యూనిఫారంతోనే షాపు గుమ్మంలో నిలబడ్డాడు. బల్ల దగ్గర మాస్టారి తమ్ముడి కోడలు కొత్త కత్తెర ఒరలోంచి తీయాలో వద్దో తేలక నిలబడి ఉంది. కటింగక్క మూల స్టూలు మీద అంచు కుడుతోంది. మాస్టారు ఒక లాయరుగారి మెడ కొలుస్తున్నాడు.

"మాస్టారూ, మా ఆవిడ కళ్లకేం కాలేదండీ" అని మొదలుపెట్టి, తువ్వాలుతో సహా అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ టోపీని చేతుల్లో తిప్పుతూనే ఉన్నాడు. ముందుగా నవ్వింది లాయరుగారు. నవ్వితే మెడ కొలత మారిపోయి, మాస్టారు టేపు వదిలేసి ఆయన కూడా నవ్వాడు.

"అన్నయ్యగారూ, మూడు నెలలు నేర్చుకున్నారు కదా, ఒక్క ముక్క చెప్పండి, వింటాం" అంది కాజాలావిడ.

"ఇప్పుడొద్దమ్మా."

"పొద్దున్నే తువ్వాలు కప్పుకుని చెప్పేది మాకు చెప్పకూడదా?"

చెవులు ఎర్రబడగా, డిపోలో మేనేజరు ముందు నిలబడ్డట్టు నిటారుగా నిలబడి, "బసు వా హచిజి ని కిమసు" అన్నాడు. బస్సు ఎనిమిదింటికి వస్తుంది అని. అందరూ చప్పట్లు కొట్టారు. కటింగక్క కొట్టలేదు. ఆ మాటల్లో రెండు తనకు రావని, వాటిని నేర్చుకోవాలని అనుకుంటోంది.

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆసుపత్రివాళ్లవి నూట యాభై తెల్లకోట్లు పడి ఉన్నాయని, చేతులు రెండున్నా నాలుగున్నా పని మిగులుతుందని అన్నాడు. తమ్ముడి కోడలు హమ్మయ్య అనుకుని బల్లకు ఒక పక్కకు జరిగింది. "నీ చోటుకు వచ్చానని ఏమీ అనుకోకు అక్కా" అంది.

"బాగుందమ్మా, నేనే కదా ఖాళీ చేసింది. ఆ సుద్ద ఇలా ఇవ్వు."

కటింగక్క బూడిదరంగు ఊలు గుడ్డ పరిచింది. లాయరుగారి ఛాతీ, భుజాలు, చెయ్యి పొడవు కొలిచింది. పుస్తకంలో రాయలేదు. గీసి, కత్తెర అందుకుంది.

మొగుడు గారు ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. పెళ్లయిన ఇరవై ఏడేళ్లలో ఆవిడ గుడ్డ కోయగా చూడటం ఆయనకు అదే మొదటిసారి. డ్యూటీ దిగితే ఆయన ఎప్పుడూ నేరుగా ఇంటికే వెళ్లేవాడు.

"మళ్లీ ఒకసారి కొలిచి చూసుకోవూ?" అన్నాడు, ఆగలేక.

"మీరు కాస్త వెలుతురుకు అడ్డం తప్పుకోండి" అంది కటింగక్క.

ఆయన తప్పుకున్నాడు. కత్తెర ఎక్కడా ఆగకుండా భుజం వంపు తిరిగి, చంక దాకా ఒక్క కోతలో దిగిపోయింది.