మేకు గట్టు మీదా, కాలువలోనా

ఆ ఏడు మొదటి వాన మధ్యాహ్నం అన్నాల వేళకు వచ్చింది. బోధన్‌లో నేను అద్దెకుంటున్న ఇంటి నడిమి గదిలో, కొత్తగా వేసిన రేకుల కింద, ఇంటి యజమానురాలు (నేను అక్కా అని పిలిచేవాణ్ణి), ఆమె కూతురు, పక్కింటి ఆడవాళ్లిద్దరు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. కాసేపటి దాకా ఏమీ కాలేదు. తర్వాత ఒక చుక్క పడింది. దానికి మూరెడు దూరంలో ఇంకొకటి, మరో మూరెడు దూరంలో మరొకటి. ఇల్లు కారడం నేను అంతకుముందు చాలాసార్లు చూశాను గాని, అంత క్రమశిక్షణతో కారడం చూడలేదు. తాడు పట్టి కొలిచినట్టు ఒక వరస, దాని పక్కన రెండో వరస, ఆ పక్కన మూడోది. పైన ఎక్కడెక్కడ మేకు ఉందో కింద అక్కడక్కడ చుక్క ఉంది. ఆడవాళ్లు తంబాకు చాటలు ఎత్తుకొని లేచారు. అక్క మాత్రం పైకి చూడలేదు. గడపలో నిలబడ్డ నన్ను చూసింది.

చిన్న ఊళ్లో అచ్చయిన మాటకు అప్పుడున్న బరువు ఇప్పటివాళ్లకు చెప్పి ఒప్పించడం కష్టం. ఎనభైల చివర్లో నేనొక దినపత్రికకు బోధన్ నుంచి వార్తలు రాసేవాణ్ణి. రాసినదాన్ని కవర్లో పెట్టి నిజామాబాద్ బస్సు డ్రైవర్‌కు ఇస్తే, అక్కడి ఆఫీసువాళ్లు బస్టాండుకు వచ్చి తీసుకునేవారు. అక్కడి ఇన్‌ఛార్జి సారుకు ఒకసారి ఇల్లు కట్టుకునేవాళ్ల కోసం ఆదివారం శీర్షిక ఒకటి పెట్టాలనిపించింది. మొదటి వారం పునాది గురించి ఎవరో రాశారు. రెండో వారం పైకప్పు నాకు వచ్చింది. (నాకు ఇల్లు లేదు, కట్టే ఆలోచనా లేదు, నిచ్చెన ఎక్కితే కళ్లు తిరుగుతాయి. పత్రికల్లో పని పంచే పద్ధతి తెలిసినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు.)

మా వీధి చివర రేకులు, పెంకులు వేసే ముసలి మేస్త్రీ ఉండేవాడు. ఊరంతా ఆయన్ను రేకుల చాచా అనేది. ఒక రోజంతా ఆయన వెంట తిరిగి పైకప్పు పాఠం నేర్చుకున్నాను. కింద బరువు మోసే నిలువు స్తంభాలు మొగురాలు, వాటి మీద అడ్డంగా దూలం, దూలం మీద వరసగా పరిచే సన్న కట్టెలు దంతెలు, గోడ దాటి బయటికి వచ్చే అంచు చూరు, రెండు వాలులు పైన కలిసే చోటు కొప్పు. గూనపెంక చల్లగా ఉంటుంది కాని కోతులకు ఆగదు. రేకు కోతులకు ఆగుతుంది కాని ఎండకు ఆగదు. చాచా పైనుంచి చెప్తుంటే నేను కిందనుంచి రాసుకున్నాను. "బేటా, నీళ్లకు దిమాగ్ లేదు. అది డాలు ఎటుంటె అటు పోతది. మనమే దిమాగ్ పెట్టాలె" అన్నాడు. దిమాగ్ అంటే బుర్ర, డాలు అంటే వాలు. ఈ ఒక్క మాట నేను బుద్ధిగా తలకెక్కించుకొని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

వ్యాసం చివరి పేరాకు వచ్చేసరికి బస్సు ఇంజిన్ మోగుతోంది. రేకుకు మేకు ఎక్కడ కొట్టాలో నా పుస్తకంలో లేదు. అలలు అలలుగా ఉండే రేకులో ఎత్తుగా లేచిన గట్టు ఉంటుంది, లోతుగా దిగిన కాలువ ఉంటుంది. చాచా దగ్గరికి పరుగెత్తే వ్యవధి లేదు. మాది చెరుకు వేసే ఇల్లు. మా బాపు చెరుకు ముక్కను చాలు లోతులో పెట్టి కాలితో తొక్కేవాడు, గట్టు మీద పెట్టేవాడు కాదు. పైగా రేకు కాలువ కిందనున్న కట్టెకు ఆనుకొని ఉంటుంది, గట్టు గాలిలో ఉంటుంది. గాలిలో ఉన్నదానికి ఎవరైనా మేకు కొడతారా? ఎంతో శాస్త్రీయంగా తోచింది. "మేకును రేకు కాలువలోనే కొట్టించుకోవాలి, అప్పుడే పట్టు ఉంటుంది" అని రాసి, కవరు అంటించి డ్రైవర్ చేతిలో పెట్టాను.

ఆదివారం అక్క కూతురు వ్యాసాన్ని పెద్దగా చదివి వినిపించింది. ఆ వేసవిలోనే అక్క పాత పెంక దించి నడిమి గదికి రేకులు వేయిస్తోంది. తంబాకు, చుట్టిన బీడీల కట్టలు ఉండేది ఆ గదిలోనే. చెమ్మ తగిలిన బీడీలను కార్ఖానాలో ఏరి అవతల పడేస్తారు, ఆ వారం చేతి పని మట్టిలో కలుస్తుంది. సోమవారం చాచా మొదటి మేకు పెట్టగానే అక్క కిందనుంచి ఆపింది.

"చాచా, గాడ కాదు. కాలువల కొట్టు."

"ఎవడు చెప్పిండు నీకు?"

"పేపర్ల రాసిండ్రు. మా తమ్మే రాసిండు."

"నేను ముప్పై ఏండ్ల సంది గట్టు మీదనే కొడుతున్న."

"ముప్పై ఏండ్ల సంది నీ గురించి పేపర్ల ఒక్క ముక్కన్న వచ్చిందా?"

చాచా పైనుంచి నన్ను చూశాడు. "బేటా, నువ్వే చెప్పు. గట్టు మీదనా, కాలువలనా?"

నిజం చెప్పడానికి అంతకన్న మంచి సందు జీవితంలో దొరకదు. కాని పక్కింటి ఆడవాళ్లు కూడా గుమ్మంలోకి వచ్చి నన్నే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకొని, "రెండు పద్ధతులూ ఉన్నయ్ చాచా" అన్నాను. చాచా "సరే, సదువుకున్నోనివి" అని మేకును కాలువలోకి జరిపాడు.

ఆ సాయంత్రమే ఊరు మీద పడ్డాను. బస్టాండు షెడ్డు ఎక్కడానికి వీలు లేదు కాబట్టి, పక్కనున్న హోటల్ మేడ మెట్లెక్కి చూశాను. మేకులు గట్టు మీద. రైస్ మిల్లు వెనక పాక, గట్టు మీద. సినిమా హాలు సైకిల్ స్టాండు, గట్టు మీద. గట్టు మీద కొడితే నీళ్లు మేకును తాకకుండా పక్క కాలువలోంచి దిగిపోతాయని, కాలువలో కొడితే నీళ్లన్నీ ఆ చిల్లు మీదుగానే పోతాయని ఆ మెట్ల మీద నిలబడి నాకు నేనే కనిపెట్టాను. అప్పట్నుంచి వాన వచ్చేదాకా నేను కుదురుగా కూర్చున్న జ్ఞాపకం లేదు. అన్నం మధ్యలో లేచి బయటికి వెళ్లి ఆకాశం చూసేవాణ్ణి. పడమట చిన్న మబ్బు కనబడితే రాస్తున్న వార్త ఆపేసేవాణ్ణి. (రైతులు వాన కోసం చూస్తున్నారని ఆ వారమే నేను వార్త రాశాను. ఆ జిల్లాలో వాన వద్దనుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.) చెప్పేద్దామని మూడుసార్లు గడప దాకా వెళ్లాను. మూడుసార్లూ అక్క ఎవరికో నన్ను చూపిస్తూ, "గీ తమ్మే, పేపర్ల రాసేది" అంటోంది. నేను మంచినీళ్లు అడిగి, తాగి వచ్చేశాను.

వాన పడ్డ రోజు అక్క తంబాకు, కట్టలు అన్నీ తెచ్చి నా గదిలో పెట్టింది. నా గది మీద పాత గూనపెంకే ఉండేది, చుక్క కారలేదు. మంచం నిండింది, కుర్చీ నిండింది. నేను గడప బయట చూరు కింద నిలబడ్డాను.

"అక్కా, తప్పు నాదే. నాకు తెల్వకుండ రాసిన."

"తెల్వకుండ రాసినవ్, సరే. మొన్న చాచా అడిగినప్పుడు తెల్సా, తెల్వదా?"

"అనుమానం ఉండె."

"గా అనుమానమన్న చెప్పకపోతివి." తడిసిన కట్టలను చీర కొంగుతో ఒత్తుతూ ఆమె ఇంకో మాట అన్నది. "నువ్వు పేపర్ల రాయకుంటె నాకేం తెల్వకపోతుండె తమ్మీ. చాచా ఆయన తీరుగ కొట్టి పోతుండె. ఇల్లు మంచిగుంటుండె."

పాతికేళ్లు ఆ వృత్తిలో ఉన్నాను. నా రాతల గురించి అంతకన్న కచ్చితమైన విమర్శ మళ్లీ వినలేదు.

మర్నాడు చాచా వచ్చి మేకులన్నీ పీకి గట్టు మీదికి మార్చాడు, కాలువల్లోని పాత చిల్లులకు తారు, గోనెపట్టీ అతికించాడు. నిచ్చెన పట్టుకునే పని నాకు పడింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, ప్రతి చిల్లు పూడ్చినప్పుడు మాత్రం కిందికి చూసి "ఇదొక పద్ధతి" అనేవాడు. ఆ వారం కట్టల్లో సగం కార్ఖానాలో ఏరి అవతల పడేశారు. అక్క ఆ తర్వాత కూడా నాతో మాట్లాడేది, నవ్వేది. పేపరు చదివించుకోవడం మాత్రం మానేసింది.

సవరణ వేయమని ఇన్‌ఛార్జి సారుకు రాశాను. ఆయన చోటు లేదన్నారు, తర్వాత చూద్దామన్నారు. తర్వాతి ఆదివారం శీర్షిక తలుపులకు, కిటికీలకు వెళ్లిపోయింది. నెల తిరిగాక ఆఫీసు నుంచి నా పేరుతో ఒక పోస్టు కార్డు వచ్చింది. మీది తపాలా ముద్రను బట్టి వర్ని వైపు ఏదో ఊరి నుంచి. మీ వ్యాసం చాలా ఉపయోగపడింది, మీరు రాసినట్టే దగ్గరుండి చేయించుకున్నాం అని ఉంది. కింద 'మీ పాఠకుడు' అని తప్ప పేరు లేదు, ఊరి పేరూ లేదు. రెండు ఆదివారాలు బస్సెక్కి ఆ ఊళ్లన్నీ తిరిగాను. కొత్త రేకుల ఇల్లు కనబడితే ఆగి, తల ఎత్తి, మెడ సాచి చూసేవాణ్ణి. ఒక పెద్దమనిషి "ఏం పోగొట్టుకున్నవ్ బిడ్డా" అని అడిగాడు. నవ్వి ముందుకు నడిచాను. వీధిలో నిలబడి చూస్తే మేకు గట్టు మీద ఉందో కాలువలో ఉందో కనబడదు. అలా మెడ సాచి తిరిగిన ఆనాటి నన్ను తలచుకుంటే ఇప్పుడూ నవ్వే వస్తుంది. ఆ ఇల్లు ఎవరిదో, ఆ ఏడు అది కారిందో లేదో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.