రంగమ్మ కంటి పొడి

కంపెనీ దొరతనం పోయి రాణిగారి దొరతనం వచ్చిన మరుసటి ఏడు, సిద్ధార్థి సంవత్సరం, ఆడి మాసం, అంటే మన ఆషాఢం. కోయంబత్తూరు నుంచి కారమడై వెళ్ళే బాట పక్కన ఉన్న ఒక సర్కారు డిస్పెన్సరీలో నేను డ్రెస్సర్‌గా ఉన్నాను. డ్రెస్సర్ అంటే పుండ్లు కడిగి కట్టు కట్టేవాడు, మందు కలిపేవాడు, సర్జన్ దొర లేనప్పుడు రోగి మాట విని కేస్ బుక్‌లో ఇంగ్లీషున రాసేవాడు. దొర గురువారం గురువారం గుర్రం మీద వచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఆ మూడు గదుల పెంకుటింటికి నేనే పెద్ద దిక్కు. ఊరి పేరు చెప్పను. తప్పు నాది, దాన్ని ఊరికి అంటగట్టడం దేనికి?

మా ఇంటి భాష తెలుగు. మా ముత్తాతల ముత్తాతలు ఎప్పుడో ఈ నల్లరేగడి నేలకు వచ్చి, పత్తీ జొన్నా పండించుకుంటూ ఇక్కడివాళ్ళే అయిపోయారు. మదరాసులో పని నేర్చుకుని ఈ కొలువులో చేరిన మొదటి నెలలోనే, డిస్పెన్సరీలో లెక్కలు రాసే రైటరు నా తమిళం విని "వడుగన్ తమిళ్" అని పకపకా నవ్వాడు. వడుగన్ అంటే వడక్కు నుంచి, అంటే ఉత్తరం నుంచి దిగినవాడు. ఆ నవ్వు నన్ను బాగా పొడిచింది. ఆనాటి నుంచి డిస్పెన్సరీ గడప దగ్గర చెప్పులతో పాటు తెలుగును కూడా బయటే విడిచి లోపలికి వెళ్ళేవాణ్ణి. వచ్చిన రోగి ఎవరైనా సరే, నా నోట తమిళమే.

ఆడి గాలి ఎలాంటిదో ఈ జిల్లా వాళ్ళకు చెప్పనక్కర లేదు. పాలక్కాడు కనుమలోంచి విసురుగా వస్తుంది, తెచ్చిన వానంతా మలయాళ దేశంలోనే దింపేసి మా వైపుకు ఒట్టి చేతులతో వస్తుంది. ఆ నెలలో మాకు కంటి రోగులే ఎక్కువ. దుమ్ము పడి, కండ్లు ఎర్రబడి, బొటబొటా నీళ్ళు కారుతూ వస్తారు. వాళ్ళకు ఆలమ్ లోషన్ ఇచ్చేవాళ్ళం. అంటే పటిక కరిగించిన నీళ్ళు. పటికకు తడిని పీల్చి బిగించే గుణం ఉంది కాబట్టి కారే కన్ను రెండు రోజుల్లో నెమ్మదిస్తుంది. ఆ సీసా ఎప్పుడూ నా చేతికి అందే చోటే ఉండేది.

రంగమ్మ అలాంటి గాలి రోజునే మొదటిసారి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. వెంట ఆమె అత్త కొండమ్మ ఉంది. రంగమ్మ ఎడమ కన్ను చిన్నప్పుడే, అమ్మవారు పోసినప్పుడు పోయింది. మిగిలింది కుడి కన్ను ఒక్కటే, ఇప్పుడు నొప్పి ఆ కంటికే వచ్చింది. ఇంట్లో పత్తి నుంచి గింజ తీసే పని ఆమెది కావడంతో తల నిండా, కనుబొమల నిండా దూది అంటుకుని ఉంది.

"ఎన్నమ్మా, కణ్ణుక్కు ఎన్న?" అని అడిగాను, కంటికి ఏమైందని.

"కణ్ణు పొడియా ఇరుక్కు అయ్యా" అంది మెల్లిగా. "రొంబ వలిక్కుదు." చాలా నొప్పిగా ఉందట.

పొడి అంటే తమిళంలో దుమ్ము, నుసి, పిండి. తల మీద దూది కనబడుతూనే ఉంది. పత్తి నుసి కంట్లో పడిందన్నమాట, ఇంకా అడగవలసిందేముంది? కేస్ బుక్‌లో "కంట్లో దుమ్ము" అని రాసి, లోషన్ సీసా ఇచ్చి, రోజుకు మూడుసార్లు పోసుకోమన్నాను. కన్ను ఎర్రగా ఉందని చూశాను గానీ తడిగా ఉందో లేదో చూడలేదు. జవాబు ముందే తెలిసిపోయిందనుకున్నవాడికి కండ్లుండీ కనబడదు.

వారం తిరిగేసరికి మళ్ళీ వచ్చింది. పొడి తగ్గలేదు, ఇంకా ఎక్కువైందని తమిళంలోనే చెప్పింది. నాకు కోపం వచ్చింది. పత్తి దగ్గరకు పోవద్దన్నానా లేదా అని నలుగురి ముందూ కసిరాను. పోలేదని ఆమె గొణిగితే నమ్మలేదు. పటిక మోతాదు పెంచి మరో సీసా చేతిలో పెట్టాను. ఆ గురువారం దొర కేస్ బుక్ తిరగేసి తల ఊపాడు. పాపం, నేను రాసిందే కదా ఆయన చదివేది.

మూడోసారి సోమవారం నాడు వచ్చింది. ఈసారి కొండమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది. కిటికీ దగ్గర కూర్చోబెట్టి రెప్ప ఎత్తాను. నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని కార్నియా అంటాం. మంచి కంట్లో అది కిటికీని చూపిస్తుంది. రంగమ్మ కార్నియాలో కిటికీ లేదు, ఆవిరి పట్టిన అద్దంలా మసకగా ఉంది. దాని కింది అంచున నూక గింజంత బూడిద రంగు చుక్క కనబడింది. అల్సర్, అంటే పుండు పడింది. అయినా అలవాటు చెడ్డది, చెయ్యి దానంతటదే పటిక సీసా అందుకుని రెండు చుక్కలు వేసేసింది.

"అమ్మా, చచ్చిపోతినే!" అని రంగమ్మ గావుకేక పెట్టింది. "చుక్క నీళ్ళు లేని కంట్లో నిప్పు పోస్తుండాడే ఈయప్ప!"

సీసా నా చేతిలోనే ఉండిపోయింది. అది మా అమ్మ మాట్లాడే తెలుగు.

"మీరు తెలుగోళ్ళా?" అన్నాను.

"అవునప్పా" అంది కొండమ్మ, నా మొహంలోకి వింతగా చూస్తూ. "నువ్వూ మనోడేనా? మరి ఇన్నాళ్ళూ అరవంలోనే ఏంటికి మాట్లాడితివి? దొరలింటి అరవోడు అనుకోని మేమూ అదే మాట్లాడితిమి."

వేడి నీళ్ళు చల్లార్చి ఆ కన్ను కడుగుతూ అడిగాను. "అమ్మా, పొడి అంటివే, కంట్లో ఏం పడింది?"

"పడేదేముండాదన్నా? పొడి. ఎండిపోయుండాది. రెప్ప ఆడిస్తే ఇసక రాసినట్టు గీరుతుంది. పొద్దన లేస్తే రెప్ప గుడ్డుకు కరుచుకోనుంటుంది. రెండేండ్లుగా ఇట్టనే. నోరూ అంతే, సంగటి ముద్ద మింగాలంటే చెంబు నీళ్ళు కావాల. మీ మందు పోసినప్పట్నించి ఇంకా పొడి."

ఇళ్ళల్లో మనం పొడి బట్ట అంటాం, పొడి నేల అంటాం. కారప్పొడి అనీ అంటాం. తెలుగులో ఆ మాటకు రెండు ముఖాలు. తమిళంలో ఉన్నది రెండోది మాత్రమే. రంగమ్మ వాక్యమంతా తమిళంలో అల్లి, మధ్యలో ఇంటి మాట ఒకటి పెట్టింది. అసలు తమిళుడైతే ఈ వాక్యమేమిటి ఇలా ఉంది అని మళ్ళీ అడిగేవాడు. సిగ్గులేని తెలుగువాడైతే వెంటనే పట్టేసేవాడు. నేను రెంటికీ చెడ్డ రేవడినై, ఎండిన కంట్లో పదిహేను రోజులుగా తడిని పీల్చే మందు పోయించాను.

కొండమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "అందుకేనేమిరా తండ్రీ" అంది. "రెండు నెల్లకు ముందు, వైగాసిలో, దీని అమ్మ పోయింది. పీనుగు ముందర కూర్చోని ఒక్క చుక్క రాల్చలే. రాతిగుండెది అనింది ఊరంతా. నేనూ అంటి."

"నేను ఏడిస్తి అత్తా" అంది రంగమ్మ. "నీళ్ళే రాలే."

కొండమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు మొదలైంది అసలు భయం. ఆ పుండు లోపలికి దిగి కార్నియాకు చిల్లు పడితే గుడ్డులోని నీరు కారిపోతుంది, కన్ను పోతుంది. ఆమెకు ఇంకో కన్ను లేదు. దొర రావడానికి మూడు రోజులుంది. ఆయన చెప్పకుండా మందు మార్చే అధికారం డ్రెస్సర్‌కు లేదు. తపాలా బంట్రోతు చేత చీటీ పంపాను గానీ, దొర ఏ తాలూకాలో తిరుగుతున్నాడో, జవాబు రాలేదు. ఆ పటిక నీళ్ళు మళ్ళీ పోయడం నా వల్ల కాదు. కొలువు పోతే పోనీ అనుకున్నాను. ఆ మాట అప్పుడు ధైర్యంగా అనుకోలేదు, భయపడుతూనే అనుకున్నాను.

"ఇంట్లో వంటాముదం ఉందా?" అని అడిగాను.

"మన కొంపల్లో ఆముదం లేకుండా ఉంటుందా అప్పా?" అని కొండమ్మ లేచింది. క్రోసు దూరంలోని ఊరికి పోయి, కొత్తగా వండిన ఆముదం ముంత పట్టుకుని మధ్యాహ్నానికి వచ్చింది. ఉతికిన సన్నగుడ్డలో దాన్ని రెండుసార్లు వడకట్టి, గోరువెచ్చగా ఒక్క చుక్క వేశాను. మంట అంటుందేమోనని చూస్తున్నాను. రంగమ్మ రెప్ప నాలుగైదుసార్లు ఆడించింది.

"గీరేది తగ్గినాదన్నా" అంది.

తగ్గింది గీరడం, పుండు కాదు. నేను వాళ్ళిద్దరికీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మీ మాట నేను తప్పుగా విన్నాను, నా మందు వల్లనే పుండు పడింది, కన్ను దక్కుతుందో లేదో చెప్పలేను అన్నాను. కొండమ్మ తిట్టిపోస్తుందనుకున్నాను. "ఇంక సరిగా వినప్పా" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది. ఇంటికి పోవద్దని డిస్పెన్సరీ వెనక గదిలోనే ఉంచాను. గాలి రాకుండా తలుపుకు తడి గోనె కట్టాను.

గురువారం దొర వచ్చాడు. కన్ను చూశాడు, కేస్ బుక్‌లో నా రాత చూశాడు, నా మొహం చూశాడు. దాచకుండా అంతా చెప్పాను. "మీ ఇద్దరి మధ్య ఒక దుబాసిని పెట్టవలసింది" అన్నాడు. ఇద్దరు తెలుగువాళ్ళకు దుబాసి! రైటరు నవ్వు ముల్లయితే ఇది గునపం. అయినా ఆముదం మానమనలేదు. కంటి చుట్టూ నొప్పి తగ్గించే బెల్లడోనా లేపనం రాసి, దూది మెత్త పెట్టి కట్టు కట్టమన్నాడు. కంట్లో తడి ఊరే ఊట ఎండిపోయిందనీ, దానికి జెరోసిస్ అని పేరనీ, పుండు మానినా ఆ ఊట మళ్ళీ ఊరదనీ చెప్పాడు. "ఇకమీదట ఆమెకు తడి బయటినుంచి పెట్టాలి, బతికినన్నాళ్ళూ" అన్నాడు.

ఉన్న ఒక్క కంటికీ కట్టు కడితే మనిషికి లోకమే లేదు. ఎనిమిది రోజులు రంగమ్మ ఆ గదిలో చీకటిలో కూర్చుంది. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "అన్నా, ఇది పగలా రాత్రా?" అని అడిగేది. పగలేనమ్మా అని చెప్పి కట్టు పని చూసేవాణ్ణి. రోజూ పొద్దున కట్టు విప్పేటప్పుడు, మెత్త మీద నీరు కారిన మరక కనబడుతుందేమోనని ముందు దాన్నే చూసేవాణ్ణి. నాలుగో రోజు చుక్క పెద్దదైనట్టు అనిపించింది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని కలిపి, తినలేక లేచిపోయాను. ఆరో రోజుకు దాని అంచు తెల్లబడింది. తెల్లబడడం మానడానికి గుర్తు, మచ్చ పడుతుందన్నమాట. అయినా నమ్మకం చాల్లేదు, చూపు మిగిలిందో లేదో అప్పుడే తెలియదు.

తొమ్మిదో రోజు కట్టు విప్పి, కిటికీకి వీపు పెట్టించి, చెయ్యి ఎత్తాను.

"ఎన్ని వేళ్ళమ్మా?"

రెప్పలాడించింది. "మూడు."

"ఇప్పుడో?"

"వేళ్ళేడుండాయన్నా? పిడికిలి."

కొండమ్మ కారమడై రంగనాథునికి మొక్కుకుంటూ నాకూ కలిపి దణ్ణం పెట్టింది. ఆ రెండో దణ్ణం పెట్టించుకునే ముఖం నాకు లేదు. వద్దమ్మా అన్నాను.

రోగం కుదిరిందని చెప్పను, అది కుదిరేది కాదు. రంగమ్మ దానితో బతకడం నేర్చుకుంది. పొద్దునా పడుకోబోయే ముందూ వడకట్టిన ఆముదం ఒక్క చుక్క. వేడి నీళ్ళలో పిండిన గుడ్డ రెప్పల మీద కాసేపు. పొయ్యి పొగ దగ్గరా పత్తి దగ్గరా పని లేకుండా కొండమ్మే చూసింది, కోడలికి గొడ్ల పని ఒప్పజెప్పింది. ఆడి గాలికి బయటికి పోవలసి వస్తే ముసుగు. ఇవన్నీ చేసినా కొన్ని రోజులు గీరుతూనే ఉండేది. ఆ రోజుల్లో వచ్చి కాసేపు కూర్చుని, "ఈ పొద్దు పొడి జాస్తి అన్నా" అని చెప్పుకుని పోయేది. నేను ఇచ్చే మందేమీ ఉండేది కాదు. విన్నందుకే ఆమెకు సగం తగ్గేదేమో.

రోగి నొప్పిని ఏ భాషలో పడతాడో ఆ భాషలో అడగాలని అప్పుడు నేర్చుకున్నాను. ఆ తరువాత ఎవరు వచ్చినా నా మొదటి ప్రశ్న, ఇంట్లో ఏం మాట్లాడతారని. రైటరు నవ్వాడు, నవ్వనిచ్చాను. పళని దాటి, చిన్నమనూరు దాకా మనవాళ్ళకు ఆ సంగతి పాకి, బండ్లు కట్టుకుని వచ్చేవారు. మంచి హస్తవాసి అనేవారు. కంటి కింది అంచున తెల్ల మచ్చతో రంగమ్మ ఒక మూల కూర్చుని వింటూ ఉండేది.

ఒకనాడు కంటి నొప్పితో కొత్తగా వచ్చిన ఒకావిడ ఆమెను అడిగింది, ఆ కంట్లో మచ్చ ఏమిటని. "ఎడమది పోయినప్పుడే ఇదీ పడింది, అంతా అమ్మవారు" అంది రంగమ్మ తడుముకోకుండా.

ఆవిడ కొంచెం అవతలికి పోయాక అడిగాను. "ఏంటికమ్మా అబద్ధం? అది నేను చేసిందే కదా."

"తెలుసన్నా" అంది. "నిజం చెప్తే ఆయమ్మ మీకు కన్ను చూపిస్తుందా?"