గంటన్నర దూరం

అక్క పోయిందని పుంగనూరు నుంచి బావ ఫోన్ చేశాడు. మా వైపు తోబుట్టువు పుట్టింటి చీర కప్పందే ఆడమనిషిని పాడె ఎక్కించరు. నేనేమో పూణేలో ఉన్నాను.

“ఎంతసేపు పడతాదప్పా?”

“విమానం గంటన్నరే బావా” అన్నాను. నా నోరు పడిపోను, విమానాశ్రయంలో పడిగాపులు, బెంగళూరులో దిగాక ముళబాగిలు మీదుగా కారు ప్రయాణం చెప్పలేదు. దారిలో బావ అడిగిన ప్రతిసారీ దగ్గరికొచ్చేశానన్నాను.

చీకటి పడుతుండగా చీర పట్టుకుని కారు దిగాను. అందరూ శ్మశానం నుంచి తిరిగొస్తున్నారు. పొద్దుగుంకుతోందని పక్కింటావిడ చేత చీర కప్పించేశారట.

“గంటన్నరంటివే” అన్నాడు బావ. “రాత్రవతాదని చెప్పుంటే తెల్లారేదాకా ఐసు పెట్టెలో పెట్టుకోనుందుము గదప్పా.”